బయానా ముందు ఏ స్థాయి తనిఖీ? ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్‌లలో స్థలం కొనేవారికి పోలిక

బరంపురం శివారులో ఇంటి స్థలం, ఛత్రపురం దగ్గర హైవేని ఆనుకున్న ఎకరం, పర్లాకిమిడిలో మూతపడ్డ రైస్ మిల్లు, రాయగడ దాటాక కొండవాలు మీద తోట. ఏది కొన్నా ముందు అడిగేది టైటిల్ గురించే. ఆ సంగతి లాయరు చూసిపెడతాడు. నేలలో ఏం కలిసింది, బావి నీళ్లు తాగొచ్చా, వరద ఎంతవరకు వస్తుంది, అక్కడ కట్టుకోవడానికి అసలు అనుమతి దొరుకుతుందా అన్నవి ఆయన చూడడు, చూడమని మనమూ అడగం. రిజిస్ట్రీ అయిపోయి, పునాది తవ్వుతుంటే నల్లటి జిడ్డు మట్టి బయటపడ్డాక అడుగుతాం.

ఒక మాట ముందే తేల్చుకోవాలి. అమ్మేవాడు ‘ఈసీ క్లీన్‌గా ఉంది’ అంటాడు. మన వాడుకలో ఈసీ అంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్. తాకట్టులు, పాత అమ్మకాలు తప్ప అందులో ఏమీ కనిపించవు. పర్యావరణ శాఖ దగ్గర ఈసీ అంటే ఎన్విరాన్‌మెంట్ క్లియరెన్స్. మొదటిది చేతిలో పెట్టి రెండోది కూడా ఉన్నట్టు మాట్లాడే బ్రోకర్లకు కొదవ లేదు. ఏ ఈసీయో అడిగి, కాగితం చూసి మాట్లాడండి.

ప్రైవేటు స్థలం కొనే ముందు పర్యావరణ తనిఖీ చేయించి తీరాలని మన దేశంలో చట్టం చెప్పదు. ఎంత లోతుకు వెళ్లాలన్నది కొనేవాడి ఇష్టం. ఉన్నవి నాలుగు స్థాయిలు: ఒకటి కాగితాలు, కాలినడక; రెండు నీటి, మట్టి పరీక్ష; మూడు నేల తవ్వకుండా కన్సల్టెంటు చేసే ఫేజ్ వన్; నాలుగు నేల తవ్వి నమూనాలు తీసే ఫేజ్ టూ. చాలామంది ధరను చూసి స్థాయి ఎంచుకుంటారు. కోటి రూపాయల వరి పొలానికి కన్సల్టెంటును పెడతారు, పన్నెండు లక్షల పాత మెకానిక్ షెడ్డును కళ్లతో చూసి కొనేస్తారు. ఉండాల్సింది దానికి తలకిందులుగా. స్థాయిని తేల్చేది నేల గతం.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

గత నలభై ఏళ్లలో ఆ నేల మీద ఏం జరిగిందన్నది మొదటి లెక్క. వరి తప్ప ఏమీ పండని పొలానికీ, పదేళ్లు డీజిల్ పీపాలు దొర్లిన ఆవరణకూ ఒకే కొలత పనికిరాదు.

రెండోది రికార్డులో రాసిన కిసం. ఒడిశాలో నేల తరగతిని కిసం అంటారు. కట్టుకోవడానికి వీలుందా లేదా అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది.

మూడోది నీరు: కింద నుంచి వచ్చేది, పై నుంచి వచ్చేది రెండూ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర దాటినా గజపతి జిల్లా కొండల్లో వరదలూ కొండచరియలూ ప్రాణాలు తీశాయి. 2017 జూలైలో రాయగడ జిల్లాలో నాగావళి, కల్యాణి నదులు వంతెనలు కొట్టుకుపోయేంతగా పొంగాయి. ఈ మూడు తేదీలు గుర్తుంచుకోండి. ఊళ్లో ఎవరిని అడిగినా వీటిని పట్టుకునే అడగాలి. ‘వరద వస్తుందా’ అంటే ‘రాదు’ అంటారు. ‘తిత్లీ రోజు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి’ అంటే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

నాలుగోది మీ వాడకం. పిల్లలు మట్టిలో ఆడే పెరడు, బోరు నీళ్లు తాగే ఇల్లు అయితే పట్టింపు ఎక్కువ. మొత్తం కాంక్రీటు పరిచే గోడౌను అయితే తక్కువ.

చివరిది బాధ్యత. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్నది నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ పాటించే సూత్రం. ఒడిశా కేసులు కోల్‌కతా బెంచికి వెళ్తాయి. కలుషిత స్థలాల గుర్తింపు, శుభ్రత మీద కేంద్రం 2025 జూలైలో విడిగా నియమాలు కూడా తెచ్చింది. కానీ కాలుష్యం కలిపిన కంపెనీ మూతపడి, డైరెక్టర్ల జాడ లేనప్పుడు అధికారులు ముందు తలుపు తట్టేది ఆ నేల మీద ఉన్నవాడిదే. ‘నేను కాదు, ముందువాడు’ అని నిరూపించడానికి కొనక ముందు నాటి రిపోర్టు ఒక్కటే ఆధారం. ఫేజ్ వన్ విలువలో సగం ఇదే.

## నాలుగు స్థాయిలు పక్కపక్కన

| | కాగితాలు, కాలినడక | నీటి, మట్టి పరీక్ష | ఫేజ్ వన్ | ఫేజ్ టూ |
|---|---|---|---|---|
| చేసేది | మీరు, అమీన్ (భూమి కొలిచే సర్వేయరు) తోడుగా | ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ | పర్యావరణ కన్సల్టెంట్ | కన్సల్టెంట్, డ్రిల్లింగ్ బృందం, ల్యాబ్ |
| మామూలుగా పట్టే కాలం | వారం లోపు | ఒకటి, రెండు వారాలు | 2 నుంచి 4 వారాలు | 4 నుంచి 8 వారాలు |
| ఖర్చు | నకళ్ల ఫీజు, తిరుగుడు | పరీక్షల సంఖ్యను బట్టి | ఫీజు ఒక్కటే, ల్యాబ్ ఖర్చు ఉండదు | అన్నిటికన్నా ఎక్కువ, బోర్ల సంఖ్యను బట్టి |
| బాగా పట్టేది | కిసం, చెరువు పూడ్చడం, అటవీ చిక్కు | తాగే నీటి నాణ్యత, ఉప్పు | పాత వాడకం, పక్క స్థలాల ముప్పు | ఏం కలిసింది, ఎంత, ఎంత లోతు |
| జారిపోయేది | కంటికి కనిపించని రసాయనం | నమూనా తీయని చోట ఉన్నదంతా | అంకెలు | వెతకమని చెప్పని రసాయనం |

చివరి గడిని తేలిగ్గా తీసుకోవద్దు. ల్యాబ్ మీరు అడిగినవే కొలుస్తుంది. సీసం కొలవమంటే సీసం కొలుస్తుంది, పక్కనే పాదరసం ఉన్నా నోరెత్తదు. ఫేజ్ వన్ చేయకుండా నేరుగా ఫేజ్ టూకి దూకేవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

## మొదటి స్థాయి: ఎవరూ దాటేయకూడనిది

ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో ఖాతా నంబరు, ప్లాట్ నంబరు కొట్టి ఆర్‌ఓఆర్ (హక్కుల రికార్డు) తీయండి. అందులో కిసం గడి చూడండి. ఘరబారి అని ఉంటే ఇంటి స్థలం. శారద అంటే వరి పండే నేల, దాని పక్కన ఒకటి, రెండు, మూడు అని తరగతి ఉంటుంది. వరి నేలలో ఇల్లు కట్టాలంటే తహసీల్దారు దగ్గర ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ కింద కిసం మార్పించుకోవాలి. జలాశయం, పోఖరి, నాలా, నయన్‌జోరి, గోచర, శ్మశానం అన్న మాటల్లో ఏదైనా కనిపిస్తే అక్కడితో ఆగండి. గోచర అంటే పశువుల మేతకు వదిలిన నేల. నయన్‌జోరి అంటే రోడ్డు వెంబడి నీళ్లు పారే పల్లం. దాన్ని పూడ్చి దుకాణాలు కట్టినచోటల్లా వానాకాలం వెనక ఇళ్లు మునుగుతాయి. ఖాతా పేరు రఖిత్ అనో, సర్వసాధారణ్ అనో ఉంటే అది ప్రభుత్వ భూమి, అమ్మేవాడికి హక్కే లేదు.

ఇప్పటి రికార్డు ఒక్కటే చాలదు. ఇప్పటి సెటిల్‌మెంటు నంబరును హాల్ అనీ, అంతకుముందు దాన్ని సాబిక్ అనీ అంటారు. హాల్‌లో శారద అని ఉన్న ముక్క సాబిక్‌లో పోఖరి కావచ్చు, జంగిల్ కావచ్చు. తహసీల్ ఆఫీసులో సాబిక్ నకలుకు దరఖాస్తు పెట్టి, రెండు పటాలూ అమీన్ చేత ఒకదాని మీద ఒకటి పెట్టించి చూడాలి. గంజాం, కొరాపుట్ 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నవి కాబట్టి ఇంకా వెనక్కి వెళ్తే కొన్ని కుటుంబాల దస్తావేజులు తెలుగులోనే దొరుకుతాయి. ‘చెరువు గర్భం’, ‘డొంక’ లాంటి మాటలు వాటిలో కనిపిస్తే ఒడియా రికార్డు ఏమన్నా సరే, ఆ మాటే నమ్మండి. నీళ్లకు రికార్డులు చదవడం రాదు.

జంగిల్ కిసం సంగతి వేరు. గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు అడవి అన్న మాటకు నిఘంటువు అర్థమే తీసుకోమంది. దాని తర్వాత జిల్లా కమిటీలు అడవిలా ఉన్న రెవెన్యూ, ప్రైవేటు భూములను గుర్తించి జాబితాలు చేశాయి. ఒడిశాలో వాటికి డీఎల్‌సీ ఫారెస్ట్ అని పేరు. పట్టా మీ పేర మారినా ఆ జాబితాలో ప్లాట్ ఉంటే కేంద్ర అటవీ అనుమతి లేనిదే ఇటుక పెట్టడానికి లేదు. జంగిల్ కిసం ఎప్పుడు, ఎవరి ఆర్డరు మీద మారిందో చూడాలి. అటవీ సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చిన 1980 అక్టోబరు 25, సుప్రీంకోర్టు ఆ మాట చెప్పిన 1996 డిసెంబరు 12, ఈ రెండు తేదీలకు ఆ ఆర్డరు ఏ పక్కన పడిందన్న దాని మీదే కథంతా ఆధారపడుతుంది. డీఎఫ్‌ఓ (డివిజనల్ అటవీ అధికారి) ఆఫీసులో ప్లాట్ నంబరు రాసి, డీఎల్‌సీలో ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. నోటిమాట జవాబు తీసుకోవద్దు.

ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చి కొనేవాళ్లు తరచూ బోల్తాపడేది కొలతల దగ్గర. మన గుంట ఎకరంలో నలభయ్యో వంతు, అంటే 121 గజాలు. ఒడిశా గుంఠ ఎకరంలో ఇరవై అయిదో వంతు, అంటే 4 డెసిమళ్లు, 1,742 చదరపు అడుగుల పైచిలుకు. డెసిమల్ మాత్రం మన సెంటే. ధర మాట్లాడేటప్పుడు డెసిమళ్లలో మాట్లాడితే గొడవ ఉండదు. తనిఖీ ఖర్చు లెక్కకు కూడా ఇదే విస్తీర్ణం ఆధారం.

తర్వాత గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు. టైమ్ స్లైడర్ వెనక్కి జరుపుతూ ఏడాదికొకటి, వేసవిలో తీసిందీ వాన తర్వాత తీసిందీ చూడండి. గుంత కనిపించి మాయమైందంటే ఏదో పోసి పూడ్చారు. ఇటుక బట్టీ మట్టి తీసిన గుంతలను ఊరి చెత్తతోనో, బాయిలర్ బూడిదతోనో నింపి పైన అడుగు మందం మొరం పరిచి ప్లాట్లు వేయడం ఈ శివార్లలో మామూలే.

ఇక నడక. ఒకసారి ఎండలో, ఒకసారి వాన పడ్డ మర్నాడు వెళ్లండి. చుట్టూ గడ్డి ఉండి ఒక్కచోట మొలవకపోతే, తెల్లటి పొర తేలితే, నీటి మడుగు మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే ఆ చోటు గుర్తుపెట్టుకోండి. మడుగును పుల్లతో కదిలించండి. రంగుల పొర పెంకులా పగిలితే ఇనుము బాక్టీరియా, భయం లేదు. విడిపోయి మళ్లీ కలిసిపోతే నూనె. నేలలోంచి రెండంగుళాల ఇనుప గొట్టం పైకి వచ్చి ఏ పంపుకూ కలవకుండా ఉంటే అది భూమిలో పాతిన ట్యాంకు తాలూకు గాలి గొట్టం అయ్యుండొచ్చు. ఇద్దరు కూలీలను పెట్టి మూడు మూలల్లో మీటరు లోతు గుంత తవ్వించండి. సహజమైన నేల పొరలు పొరలుగా, ఒక వరుసలో కనిపిస్తుంది. పోసిన మట్టిలో ప్లాస్టిక్, గాజు, పెంకులు కలగాపులగంగా వస్తాయి. అమ్మేవాడి కన్నా పాత వాచ్‌మన్, బోరు వేసిన డ్రైవరు, ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న ముసలాయన ఎక్కువ చెబుతారు.

## రెండో స్థాయి: నీళ్లూ మట్టీ

నమూనా తీసే పద్ధతి తప్పితే రిపోర్టు ఎంత అందంగా ఉన్నా చెత్తే. బోరును పది, పదిహేను నిమిషాలు వదిలి, ఆ తర్వాత పట్టాలి. రసాయన పరీక్షలకు రెండు లీటర్లు. బాక్టీరియా పరీక్షకు ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ సీసాలోనే పట్టి, ఐస్‌లో పెట్టి 24 గంటల్లోపు చేర్చాలి. తీరం దగ్గర ఉప్పు తెలియాలంటే మే నెలలో పట్టండి, వానలకు ఉప్పు పలచబడి మోసం చేస్తుంది. నైట్రేట్, మురుగు తెలియాలంటే వానలు వెనకబట్టాక.

రిపోర్టు మొదటి పేజీలో నమూనా ఎవరు తీశారో చూడండి. ‘కస్టమర్ తెచ్చి ఇచ్చిన నమూనా’ అని ఉంటే ల్యాబ్ బాధ్యత ఆ సీసా వరకే. అమ్మేవాడు చూపించే రిపోర్టుల్లో ఎక్కువ అలాంటివే. ఆ నీళ్లు ఏ కుళాయివో ఆ దేవుడికే తెలియాలి.

తాగునీటికి బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 10500 ఒప్పుకునే హద్దులు, లీటరుకు మిల్లీగ్రాముల్లో:

| పరీక్ష | ఉండదగ్గ హద్దు | వేరే నీరు దొరక్కపోతే |
|---|---|---|
| టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) | 500 | 2000 |
| క్లోరైడ్ | 250 | 1000 |
| ఫ్లోరైడ్ | 1.0 | 1.5 |
| నైట్రేట్ | 45 | సడలింపు లేదు |
| సీసం | 0.01 | సడలింపు లేదు |
| పాదరసం | 0.001 | సడలింపు లేదు |

ఇనుముకు ల్యాబ్ కన్నా ముందు బకెట్ చాలు. తెల్ల బకెట్‌లో పట్టి గంట ఉంచితే నీరు తేనె రంగు తిరుగుతుంది. ఒడిశాలో ఇది చాలాచోట్ల ఉన్నదే, ఫిల్టరుతో పోతుంది. దీనికోసం బేరం వదులుకోనక్కర్లేదు, ధర తగ్గించమని అడగొచ్చు.

కట్టుబడికి వాడే నీళ్లకు లెక్క వేరు. ఐఎస్ 456 ప్రకారం ఇనుప చువ్వలు వేసే కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, పీహెచ్ 6 కన్నా తగ్గకూడదు. హుమ్మా వైపు ఉప్పు మళ్ల పక్కన స్థలం కొనేవాళ్లు తాగునీటి పరీక్షతో పాటు ఇదీ చేయించాలి. లేకపోతే కొన్నేళ్లకే స్లాబు కింద పెచ్చులు రాలతాయి.

## ఫేజ్ వన్, ఫేజ్ టూ

ఫేజ్ వన్‌లో ఎవరూ నేల తవ్వరు. పాత పటాలు, శాటిలైట్ చిత్రాలు, కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన కన్సెంట్లు (యూనిట్ నడిపే అనుమతులు), పక్క స్థలాల చరిత్ర, పాత పనివాళ్లతో మాటలు, ఒక రోజు స్థల పరిశీలన, అన్నీ కలిపి ఒక రిపోర్టు. కన్సల్టెంట్లు ఎక్కువగా అనుసరించేది ఏఎస్‌టీఎం ఇ1527 అనే అమెరికా పద్ధతి. దాని ప్రకారం ముఖ్యమైన భాగాలు కొనుగోలుకు 180 రోజుల లోపువై ఉండాలి. రెండేళ్ల కిందటి రిపోర్టు ఇచ్చి ‘అంతా ఓకే’ అంటే ఒప్పుకోవద్దు. రిపోర్టు మీ పేర ఉండాలన్నది కూడా అంతే ముఖ్యం. అమ్మేవాడి పేర ఉన్న రిపోర్టులో తప్పుంటే కన్సల్టెంటును మీరు అడగలేరు.

ఫేజ్ టూకి ఫేజ్ వన్‌లో అనుమానం తేలినచోటే వెళ్లాలి. ఎకరం స్థలానికి నాలుగు నుంచి ఆరు బోర్లు, ఒక్కోదాంట్లో పై పొర నుంచి, మీటరు లోతు నుంచి, నీరు తగిలే చోటు నుంచి విడివిడిగా నమూనాలు తీయడం మామూలు. ఖర్చు తగ్గుతుందని అన్నీ కలిపి ఒకే నమూనా చేద్దామని ఎవరైనా అంటే వద్దనండి. ఒక మూల ఉన్న విషం అయిదు మంచి మట్టి సంచుల్లో కలిసి హద్దు లోపలికి వచ్చేస్తుంది. పెట్రోలు లాంటి ఆవిరయ్యే వాటికి 40 మిల్లీలీటర్ల చిన్న సీసా, గాలి బుడగ లేకుండా నింపి, 4 డిగ్రీల చల్లదనంలో పంపాలి. నీళ్ల బాటిల్‌లో పట్టి కారు డిక్కీలో పెడితే బెంజీన్ దారిలోనే ఎగిరిపోతుంది, ల్యాబ్ ‘కనబడలేదు’ అని రాస్తుంది, అందరూ సంతోషిస్తారు.

## ఏ నేలకు ఏది

సముద్రపు ఒడ్డు. గోపాల్‌పూర్, ఛత్రపురం, రుషికుల్య ముఖద్వారం చుట్టూ మొదట తేలాల్సింది సీఆర్‌జెడ్, అంటే తీరంలో కట్టడాల మీద ఆంక్షలున్న కోస్టల్ రెగ్యులేషన్ జోన్. పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపు ఉంటే ఆ నియమాలు వర్తిస్తాయి. 2019 నోటిఫికేషన్‌లో జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన గ్రామాలకు 50 మీటర్లు, మిగతా గ్రామాలకు 200 మీటర్ల దాకా కట్టడాలు నిషేధం. ఆ నోటిఫికేషన్ కింద పటం ఆమోదం పొందినచోటే ఈ లెక్క, లేనిచోట 2011దే నడుస్తుంది. మీ తాలూకాకు ఏ పటం అమల్లో ఉందో ఒడిశా కోస్టల్ జోన్ మేనేజ్‌మెంట్ అథారిటీని రాసి అడగండి. బ్రోకరు దూరం రోడ్డు నుంచి కొలిచి చూపిస్తాడు. సముద్రం కిలోమీటరు దూరంలో ఉన్నా, పోటు నీరు ఎక్కే పాయ పక్కనే ఉంటే ఆ పాయ గట్టు కూడా సీఆర్‌జెడ్ కిందికే వస్తుంది. అధీకృత సంస్థ చేత ప్లాట్ నంబరు గుర్తించిన 1:4000 పటం తీసుకుంటే వాదన ఉండదు.

రుషికుల్య ముఖద్వారం దగ్గర పాతకాలపు పాదరసం పద్ధతిలో కాస్టిక్ సోడా తయారైన చరిత్ర ఉంది, అక్కడి బురదలో పాదరసం ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది. ఆ వైపు బావి నీటికీ మట్టికీ పాదరసం పరీక్ష విడిగా రాయించండి, మామూలు ప్యాకేజీలో అది ఉండదు. ఛత్రపురం తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంటుంది, సహజంగానే గామా రేడియేషన్ స్థాయి ఎక్కువ. ఎవరి తప్పూ కాదు, నేల గుణం. ఇల్లు కట్టే చోట రేడియేషన్ సర్వే మీటరుతో కొలిపించండి. పునాది నింపడానికి ఒడ్డు ఇసుక మాత్రం వాడొద్దు. తీసుకెళ్లడమే నేరం, పైగా ఉప్పు. ఈ తీరానికి రెండో స్థాయి తప్పనిసరి. హోటల్, రిసార్టు అయితే ఫేజ్ వన్.

శివారు వరి పొలం. మొదటి స్థాయి నిక్కచ్చిగా చేసి, ఒక నీటి పరీక్ష చేయిస్తే చాలు. ఫేజ్ వన్ దండగ. ఒక్క మినహాయింపు: పూడ్చిన గుంత అని తేలితే రెండు గుంతలు రెండు మీటర్ల దాకా తవ్వించి చూడండి. చెత్త పోసిన నేల ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, మీథేన్ కూడా వస్తుంది.

పాత మిల్లు, బంకు, షెడ్డు. రైస్ మిల్లు అనగానే బెదరక్కర్లేదు. ఉప్పుడు బియ్యం నీళ్లు కంపు కొడతాయే కాని విషం కాదు. చూడాల్సినవి ఇంజిను గది కింద డీజిల్ మరకలు, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనె, ఆస్‌బెస్టాస్ రేకులు. రేకులను పగలగొట్టకుండా, తడిపి, మేకులు విప్పి దించాలి. జీడిపప్పు యూనిట్ల దగ్గర గింజ పెంకు నూనె నేలలోకి దిగి నల్లగా ఉంటుంది, చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. బరంపురంలో పట్టు అద్దకం నడిచిన షెడ్డు అయితే నీళ్లు వదిలిన కాలువ మట్టిలో క్రోమియం, రాగి చూడాలి. పెట్రోలు బంకు, గ్యారేజీ, బ్యాటరీలు కరిగించిన చోటు అయితే చర్చ లేదు: ఫేజ్ వన్, ఆ వెంటనే ఫేజ్ టూ. అమ్మేవాడిని పాత కన్సెంట్ పత్రాలు, ప్రమాదకర వ్యర్థాల వార్షిక రిటర్నులు అడగండి. పదేళ్లు ఫ్యాక్టరీ నడిపి ఒక్క రిటర్నూ లేదంటే వ్యర్థాలు ఎక్కడికి పోయాయో నేలను అడగాల్సిందే.

కొండ జిల్లాలు. కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, నబరంగ్‌పూర్ పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు. గజపతిలో ఆర్.ఉదయగిరి తహసీల్, గుమ్మా, రాయగడ బ్లాకులు, గంజాంలో సొరడా తహసీల్లో చాలా భాగం కూడా. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి బదిలీ మీద ఉన్న 1956 రెగ్యులేషన్‌కు 2002 సవరణ వచ్చాక ఆదివాసీ భూమి ఆదివాసీయేతరుడి పేర మారదు. అమ్మేవాడి తాత ఆ భూమి ఎవరి దగ్గర కొన్నాడో కూడా చూడాలి. ఈ గేటు దాటాకే డీఎల్‌సీ, అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ క్లెయిములు, ఆ తర్వాత వాలు. అల్యూమినా రిఫైనరీ ఎర్రబురద చెరువుకు దిగువన, వాగు వెంబడి ఉంటే నీటిలో పీహెచ్, సోడియం, అల్యూమినియం కొలిపించండి. ఎగువన ఉంటే అక్కర్లేదు.

## ఎవరు ఎక్కడ ఆగొచ్చు

రెండు గుంఠల్లో సొంత ఇల్లు కట్టుకునే కుటుంబానికి మొదటి స్థాయి, ఒక నీటి పరీక్ష చాలు. బ్యాంకు లోను ఇచ్చింది కదా అని ధీమా పడొద్దు, బ్యాంకు వాల్యుయేటరు చూసేది గోడల విలువ.

పాత షెడ్డులో సొంత యూనిట్ పెట్టే చిన్న వ్యాపారికి ఫేజ్ వన్ ఖర్చు బరువే. స్థలం తాలూకు వాడకం పక్కాగా తెలిసి, ఒకే యజమాని చేతిలో ఉండి, నూనెలు రసాయనాలు లేనిదైతే రెండో స్థాయితో సర్దుకోవచ్చు. చేతులు మారి, మధ్యలో అయిదారేళ్లు ఏం నడిచిందో ఎవరూ చెప్పలేకపోతే సర్దుకోవద్దు. పాత యూనిట్ కన్సెంట్ మీకు దానంతటదే రాదని కూడా గుర్తుంచుకోండి, మీ పేర మళ్లీ తీసుకోవాలి.

లేఅవుట్, అపార్ట్‌మెంట్ వేసేవారికి లెక్క పెద్దది. కట్టుబడి విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు చేరితే 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. అది రాకుండా పని మొదలుపెడితే కూల్చివేత దాకా వెళ్తుంది. దాన్ని తప్పించుకోవడానికి ప్రాజెక్టును ముక్కలు చేసి చూపించడం తెలివి అనుకోవద్దు, ట్రిబ్యునల్ ముందు ముందుగా బయటపడేది ఆ ముక్కలే. వీళ్లకు ఫేజ్ వన్ ఎలాగూ పనికొస్తుంది, అనుమతి దరఖాస్తుకు కావాల్సిన సమాచారంలో చాలా భాగం అందులోనే ఉంటుంది.

హైదరాబాదులోనో, దేశం బయటో ఉండి బంధువుల చేత కొనిపించేవారు ఒక మెట్టు పైకి ఎక్కండి. నడిచి చూసే అవకాశం లేదు కాబట్టి ఆ లోటు కాగితంతో పూడ్చుకోవాలి.

## అగ్రిమెంటులో రాయించేవి

బయానా ఎంత అన్నది తర్వాత. అగ్రిమెంటులో 45 రోజుల తనిఖీ గడువు, స్థలంలోకి వెళ్లి తవ్వే హక్కు, కలుషితమని గానీ కట్టడానికి అనుమతి రాదని గానీ తేలితే బయానా పూర్తిగా వాపసు, ఈ మూడూ ఉండాలి. పాత వాడకాలు, పాతిన ట్యాంకులు, కాలుష్య నియంత్రణ మండలి నుంచి వచ్చిన నోటీసులు అమ్మేవాడు రాసి సంతకం పెట్టాలి. ట్యాంకు ఉంటే అది తీయించి, కింద మట్టి పరీక్ష రిపోర్టు ఇచ్చాకే ఆఖరి వాయిదా ఇచ్చేలా కొంత మొత్తం ఆపుకోండి.

తవ్వకానికి ఒప్పుకోని యజమాని ‘మా నేల పాడవుతుంది’ అంటాడు. ఆ మాటలో న్యాయం ఉంది: తెరిచి వదిలేసిన బోరు రంధ్రం గుండా పైనున్న మురికి కింది నీటిలోకి దిగుతుంది. కాబట్టి రంధ్రాలను అడుగు నుంచి పై దాకా బెంటొనైట్‌తో (తడిస్తే ఉబ్బే బంకమట్టితో) మూయించే ఖర్చు, తవ్విన మట్టిని తీసుకెళ్లే ఖర్చు మీదేనని మీరే ముందుగా అగ్రిమెంటులో రాయండి. అంత రాసిచ్చాక కూడా తవ్వనివ్వనంటే, ఆ స్థలం గురించి ఫేజ్ టూ చెప్పాల్సింది సగం ఆయనే చెప్పేశాడు.